టీచర్ బొమ్మైపోయారు

ఆ వేసవంతా మా ఇంట్లో పొద్దున పది నుంచి పన్నెండు దాకా మైక్రోవేవ్ ముట్టుకోవడం నేరం. గట్టిగా నడవడం నేరం. హాల్లో వదిన కూర్చునే కుర్చీని జానెడు జరపడం మహానేరం. ఈ చట్టాలన్నీ చేసినవాణ్ణి నేనే. చేసినన్నాళ్ళూ కాలరెగరేసుకుని తిరిగాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే అదే కాలర్ పట్టుకుని నన్ను నేనే నాలుగు తగిలించుకోవాలనిపిస్తుంది.

నా ఉద్యోగమే అది మరి. ఐదంతస్తుల ఆఫీసు భవనంలో ఏ మూల నెట్ ఆగినా ముందు నాకే ఫోన్ వస్తుంది. మధ్యాహ్నం వెళ్ళి రాత్రికొస్తాను. ఇంట్లో అందరూ నన్ను ఇంజనీరంటారు, సగం ముద్దుకి, సగం వెక్కిరింతకి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచొచ్చి ఇంట్లో బోర్లా పడ్డవాణ్ణి.

ఇంట్లో నలుగురం. కింద అమ్మ, అన్నయ్య, వదిన. మేడమీద గదిలో నేను. అన్నయ్యకి మందుల షాపు. వదిన పెళ్ళయిన కొత్తలో రెండేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పింది. ఆ తర్వాత అమ్మ మోకాళ్ళు, అన్నయ్య షాపు, పదో తరగతిలో లెక్కలు తప్పిన నేను, ఇలా ఒక్కొక్కటీ మీద పడి ఉద్యోగం మానేసింది. నన్ను గట్టెక్కించింది ఆమే. రబ్బరు పట్టుకోనిచ్చేది కాదు. “తప్పుని చెరపకు నాయనా. ఎర్రగీత పెట్టి కిందే సరిగా చెయ్యి. చెరిపేస్తే ఎక్కడ తప్పావో నీకే తెలీదు,” అనేది.

ఆ వేసవి మొదట్లో ఆమెకో ఉత్తరం వచ్చింది. జబ్బుపడి మంచం దిగలేని పిల్లలకి ఇంటర్నెట్లో పాఠాలు చెప్పే బడి వాళ్ళు రాశారు. ఎనిమిది వారాలు చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం ఖాయం. వదిన ఆ కాగితం పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకీ, హాల్లోంచి వంటింట్లోకీ మూడుసార్లు తిరిగింది.

“చాక్‌పీస్ పట్టుకుని పదిహేనేళ్ళయింది. నావల్ల అవుతుందంటావా?” అంది.

“ఇప్పుడు చాక్‌పీస్ ఎవడిక్కావాలి వదినా? మౌస్ పట్టుకుంటే చాలు.”

“అది పట్టుకోవాలంటేనే కదా భయం!”

“నేనున్నానుగా,” అన్నాను.

ఆ మాట నాదే. ఎవరూ బలవంతపెట్టలేదు.

మా ఇంటి రౌటర్ హాల్లో టీవీ పక్కన ఉండేది. దాని వైఫై మేడమీద నా గదికి సరిగా అందేది కాదు. మ్యాచ్ చూస్తుంటే సరిగ్గా గెలుపోటములు తేలేచోట తెర మీద చక్రం తిరిగేది. ఆఫీసులో ఒక పాత రౌటర్ మూలపడి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. ఇంట్లో మాత్రం, “వదిన పాఠాల కోసం తెచ్చాను. ఇక ఇల్లంతా ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు. ఏ మూల కూర్చున్నా నెట్టే,” అని ప్రకటించాను. అబద్ధం కూడా అనలేం, నిజం కూడా అనలేం.

ఆదివారం మధ్యాహ్నం తీగ లాగి మెట్ల మలుపులో దాన్ని బిగించాను. ఇంకో ఇరవై నిమిషాల్లో మ్యాచ్ మొదలవుతుంది. పేరు పెట్టాను, పాస్‌వర్డు పెట్టాను, దీపాలు వెలిగాయి, అయిపోయిందనుకున్నాను. వదిన టీ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. “నాకోసం సెలవు రోజంతా పాడు చేసుకున్నాడత్తయ్యా, పాపం,” అని కిందనున్న అమ్మకి వినపడేలా అంది. నేను టీ తాగాను.

మొదటి రెండు రోజులూ పాఠాలు చక్కగా నడిచాయి. మూడో రోజు పదింపావుకి వదిన లాప్‌టాప్ తెర ఆగిపోయింది. నేను కిందికి దిగి ఆపి, మళ్ళీ వెలిగించి కలిపేసరికి అవతల పిల్లల నవ్వులు. ఆ తరగతిలో ఆరుగురు పిల్లలుండేవాళ్ళు. అందరికంటే ముందుండేది కాలికి కట్టుతో పడుకుని పాఠం వినే ఒక పదేళ్ళ పిల్ల.

“టీచర్, మీరు బొమ్మైపోయారు! నోరు తెరిచే ఉంది. మేం అందరం లెక్కపెట్టాం, రెండొందల పదికి కదిలారు!”

వదిన కూడా నవ్వేసింది. “అయితే రెండొందల పదిలో మూడో వంతెంత?” అంది. ఆ రోజు పాఠం అలా గట్టెక్కింది.

కానీ అది మర్నాడూ ఆగింది. రెండు రోజులు బాగుండి మళ్ళీ ఆగింది. నేను దిగి వచ్చినప్పుడల్లా మొదటి మాట ఒకటే.

“ఏదో నొక్కుంటావ్ వదినా.”

“ఏమీ నొక్కలేదయ్యా.”

“నొక్కకుండా దానంతటదే ఎలా పోతుంది?”

ఆమె తన వేళ్ళ వంక చూసుకునేది. లెక్కల్లో నా ఒక్కో తప్పునీ ఇట్టే పట్టేసిన మనిషి, తన చేతిని తానే అనుమానించడం మొదలుపెట్టింది.

తర్వాత నా చూపు మైక్రోవేవ్ మీద పడింది. మా అమ్మకి రోజూ పదింటికి మోకాళ్ళ కాపడానికి నీళ్ళు వేడి చేసుకునే అలవాటు. నీళ్ళు లోపల పెట్టి, అవి కాగేలోపు ఫోన్ తెరిచి వీడియో కాల్లో వాళ్ళక్కతో ఊసులాడుతుంది. వదిన తెర ఆగిన చివరి రెండుసార్లూ వంటింట్లో మైక్రోవేవ్ గుర్రుమంటోంది. దొరికావురా దొంగా అనుకున్నాను. మైక్రోవేవ్ వైఫైని చెడగొడుతుందన్నది నిజమే, పుస్తకాల్లో కూడా ఉంది. అమ్మకి పన్నెండు దాకా కాపడం బందు పెట్టాను.

“రెండు గంటలు ఓర్చుకోలేనా? అమ్మాయి ఉద్యోగం ముఖ్యం,” అంది అమ్మ, మోకాలు రుద్దుకుంటూ.

రెండు రోజులు తెర ఆగలేదు. నేను ఎగిరి గంతేశాను. మూడో రోజు మళ్ళీ ఆగింది. దాంతో ఇంకో చట్టం వచ్చింది, కుర్చీ కిటికీవైపు వేసుకోవాలని. ఆ తర్వాత, పాఠం మధ్యలో లేవకూడదు. ఆ తర్వాత, లాప్‌టాప్ మూత ఒకసారి వేసి తీసిగానీ మొదలుపెట్టకూడదు. చివరికి లాప్‌టాప్‌దే తప్పు, ముసలిదైపోయింది అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునీ దోషిని చేశాను, నేను తెచ్చిన డబ్బాని తప్ప. మేడమీద నా మ్యాచ్‌లు చక్కగా వస్తున్నాయి కాబట్టి దాని మీద నాకు అనుమానమే రాలేదు.

వదిన ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంది. గుండ్రటి అక్షరాలు, అంకెల తర్వాత చుక్కలు, పక్కన మార్జిన్ గీత. ఏడో నియమం: ఏదీ నొక్కకూడదు. దాని కింద రెండు గీతలు. ఒకరోజు నేను మెట్లు దిగుతుంటే ఆమె పాఠం చెబుతూ కనిపించింది. వీపు కుర్చీకి ఆనించకుండా, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. భిన్నాలు చెప్పడానికి గాల్లో గుండ్రాలు గీసే మనిషి, చెయ్యి కదిపితే నెట్ పోతుందేమోనని మాటలతోనే గుండ్రాలు గీస్తోంది. నాకు నవ్వొచ్చింది. అప్పుడు నవ్వే వచ్చింది, ఏం చెప్పను!

ఐదో వారంలో బడి సూపర్‌వైజరమ్మ రాసింది. పాఠం బాగుంది, పిల్లలకి నచ్చింది, కానీ మధ్యలో తెగిపోవడం మరీ ఎక్కువగా ఉంది, మిగిలిన వారాల్లో సర్దుకోకపోతే తీసుకోవడం కష్టం అని. వదిన అది నాకు చూపించి, “ఇంకేం చెయ్యమంటావో చెప్పు, చేస్తాను,” అంది. నేను లాప్‌టాప్ కింద ఒక దళసరి పుస్తకం పెట్టమన్నాను.

ఆరో వారం ఆదివారం పొద్దున అమ్మ నన్ను పిలిచి, “అక్షరాలు చీమల్లా ఉన్నాయిరా, కాస్త పెద్దవి చెయ్యి,” అని ఫోన్ ఇచ్చింది. సెట్టింగులు తిరగేస్తుంటే ఆ ఫోన్ నెట్‌వర్క్ నంబరు కంటపడింది. చివర ఇరవైమూడు. ఆ ఇరవైమూడు నేను అంతకు పది నిమిషాల ముందే చూశాను. వదిన లాప్‌టాప్‌లో.

ఫోన్ తీసుకెళ్ళి లాప్‌టాప్ పక్కన పెట్టి చూశాను, రెండిట్లోనూ అదే.

వైఫైలో చేరిన ప్రతి ఫోన్‌కీ, ప్రతి లాప్‌టాప్‌కీ ఒక నంబరు ఇస్తారు, వీధిలో ఇంటి నంబరులా. ఇచ్చేవాడు ఒక్కడే ఉండాలి. రెండో రౌటర్ పెట్టినప్పుడు దానిలో నంబర్లిచ్చే పని ఆపెయ్యాలి. అది మా పనిలో మొదటి పాఠం. ఆఫీసులో వందసార్లు చేశాను. ఇంట్లో మ్యాచ్ తొందరలో మర్చిపోయాను. హాల్లో రౌటర్ ఒకరికి ఇరవైమూడు ఇచ్చింది, మెట్ల మీద రౌటర్ ఇంకొకరికి అదే ఇరవైమూడు ఇచ్చింది. అమ్మ పదింటికి ఫోన్ తెరిచినప్పుడల్లా రెండు ఇళ్ళకీ ఒకే నంబరై, వదిన పాఠం వాకిట్లోనే నిలబడిపోయింది. మైక్రోవేవ్‌దేం పాపం లేదు. అమ్మ ఫోన్ తెరవని రోజు అంతా బాగుండేది, అంతే.

మెట్ల మీద రౌటర్ సెట్టింగు తెరిచి ఒక్క గడిలో టిక్కు తీసేశాను. నిమిషం కూడా పట్టలేదు. ఆరు వారాలుగా నేను ఆమె వేళ్ళని తప్పుపట్టింది ఈ ఒక్క గడి కోసం.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెబుదామనుకున్నాను. ఒట్టు, చెబుదామనే కూర్చున్నాను. కానీ నాకంటే ముందు అన్నయ్యే నోరు తెరిచాడు.

“మా ఆవిడ చెయ్యి తగిలితే గోడ గడియారం కూడా ఆగిపోతుందిరా ఇంజనీరూ. నువ్వు మాత్రం ఏం చేస్తావ్!”

అమ్మ నవ్వింది. వదిన కూడా నవ్వింది, అందరికంటే ఎక్కువసేపు. నేను దొంగకు తేలు కుట్టినట్టు కంచంలోకి చూస్తూ ఉండిపోయాను. బాగైపోయింది కదా, రేపట్నుంచి పాఠాలు ఆగవు, ఆమెకి ఉద్యోగం వస్తుంది, ఇక చెప్పి ఎవరికేం లాభం అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

సాయంత్రం నాలుగింటికి వదిన మేడమీదికొచ్చింది. చేతిలో కాగితం.

“బడికి రాశాను. ఒకసారి చూసిపెట్టవూ? టైపు చేసి పంపిద్దాం.”

చదివాను. యంత్రాలు వాడటం తనకి చేతకాదనీ, ఇంట్లో అందరూ ఎంత సాయం చేసినా నేర్చుకోలేకపోయిందనీ, తన అసమర్థత వల్ల పిల్లలు నష్టపోకూడదు కాబట్టి ఈ ఎనిమిది వారాలూ అయ్యాక ఉద్యోగానికి తన పేరు చూడవద్దనీ రాసింది. ముఖ్యంగా తన మరిది సెలవు రోజులు కూడా మానుకుని సాయపడ్డాడని ఒక వాక్యం.

ఆమె తలుపు దగ్గరే నిలబడి నా ముఖం చూస్తోంది, పరీక్ష పేపరిచ్చిన పిల్లలా.

పైన తేదీ ఒకరోజు తప్పుగా వేసింది. పెన్ను తీసి అది దిద్దాను.

“మిగతాదంతా బాగుంది వదినా,” అన్నాను.

మర్నాడు ఉత్తరం వెళ్ళిపోయింది. నేనే పంపాను.

ఆ వారం పాఠాలు ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ పై వారం కూడా. “వదిలేసుకున్నాక చూడు, ఎంత బుద్ధిగా పనిచేస్తోందో! నా మీదే పగపట్టినట్టుంది,” అని వదిన నవ్వుతూ అంటుంటే నేను ఏదో ఒక పని పెట్టుకుని గదిలోంచి తప్పుకునేవాణ్ణి. ఆమె మాత్రం కుర్చీ జరపలేదు. చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు. లాప్‌టాప్ మూత వేసి తీసే అలవాటూ మానలేదు. ఆఫీసులో ఎవరైనా ఫోన్ చేసి “నేనేమీ నొక్కలేదండీ” అంటే, మీది కాదండీ అని ముందే చెప్పేసేవాణ్ణి.

చివరి పాఠం రోజు నేను మెట్ల మలుపులో, ఆ డబ్బా పక్కనే కూర్చున్నాను. పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళొస్తామని చెబుతున్నారు. కాలికట్టు పిల్ల మాత్రం వెళ్ళలేదు.

“టీచర్, పది రోజుల్నుంచీ మీరు బొమ్మవలేదు. నేను రోజూ చూస్తున్నా. బాగైపోయారుగా, మరెందుకు వెళ్ళిపోతున్నారు?”

“నీ కట్టు విప్పుతారుగా ఈ నెలలో. నువ్వు బడికెళ్ళి పరిగెత్తాలి మరి,” అంది వదిన. గొంతు మామూలుగానే ఉంది. లాప్‌టాప్ మూసిన చప్పుడైంది.

నేను దిగి వెళ్ళాను. ఆమె ఛార్జరు తీగ చుట్టలు చుడుతోంది.

“వదినా, అది నువ్వు కాదు.”

“ఏది?”

“తెర ఆగిపోవడం. మైక్రోవేవ్ కాదు, లాప్‌టాప్ కాదు. నేను పెట్టిన రౌటర్. ఒక గడిలో టిక్కు తియ్యడం మర్చిపోయాను. అది నీ పాఠాల కోసం కూడా కాదు, నా మ్యాచ్‌ల కోసం తెచ్చుకున్నా.”

చుట్టడం ఆపింది. “ఎప్పుడు తెలిసింది?”

“ఆదివారం.”

“ఏ ఆదివారం?”

“నువ్వు ఉత్తరం రాసిన ఆదివారం.”

“ఉత్తరానికి ముందా, తర్వాతా?”

“ముందు.”

తిడుతుందనుకున్నాను. తిడితే బతికిపోయేవాణ్ణి. ఆమె తీగని బల్ల మీద పెట్టి, “పద, చూపించు,” అంది.

మెట్ల మలుపులో పక్కపక్కనే కూర్చున్నాం. నంబర్ల సంగతంతా చెప్పాను. ఆమె రెండు ప్రశ్నలే అడిగింది, రెండూ అసలు చోట తగిలేవే. తర్వాత, “మళ్ళీ పెట్టు,” అంది.

“ఏంటి?”

“ఆ టిక్కు. మళ్ళీ పెట్టు. నేను చూడాలి.”

పెట్టాను. రెండు డబ్బాలూ ఆపి వెలిగించాం. అమ్మ ఫోన్ తెచ్చి కలిపాం, తీశాం, మళ్ళీ కలిపాం. నాలుగోసారికి లాప్‌టాప్ తెర మీద చక్రం తిరగడం మొదలెట్టింది. ఆమె చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, దేన్నీ తాకకుండా, ఆ చక్రాన్ని నిమిషం పాటు చూసింది.

“నేనేమీ నొక్కలేదు,” అంది.

“లేదు వదినా.”

“ఇక తియ్యి.” తీసేశాను. ఆమె లేచి లోపలికెళ్ళి తెల్లకాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. ఇంకో చేతిలో ఎర్ర పెన్ను. “ఉత్తరం ఈసారి నువ్వు రాయి. నేను దిద్దుతాను.”

రాశాను. ‘కొన్ని సాంకేతిక లోపాల వల్ల’ అని మొదలుపెట్టాను. ఆమె దాని కింద ఎర్రగీత గీసి, “ఎవరి లోపాలు?” అంది. కింద మళ్ళీ రాశాను, ‘ఇంట్లో అమర్చిన రెండో రౌటర్లో జరిగిన పొరపాటు వల్ల’ అని.

“ఎవరు అమర్చారు? దానంతటదే నడిచొచ్చి మెట్ల మీద కూర్చుందా?”

మూడోసారి ‘నేను’ అని మొదలుపెట్టాను. ‘నేను అమర్చాను. నేను మర్చిపోయాను. తప్పు మా వదినది అని ఆరు వారాలు చెప్పాను.’ కొత్త కాగితం మీద శుభ్రంగా రాస్తానంటే ఒప్పుకోలేదు. “చెరపకు. ఇదే వెళ్తుంది. ఎప్పుడు తెలిసిందో ఆ తేదీ కూడా వెయ్యి,” అంది. ఆ కాగితం పట్టుకుని గీతలతో సహా ఫొటో తీసి పంపింది. తన వేలితోనే నొక్కింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర దాన్ని పైకి చదవమంది. చదివాను. అమ్మ పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంది. అన్నయ్య కంచంలో చెయ్యి ఆపి వదిన వంకే చూశాడు. “గడియారం మాట అన్నది నేనేగా,” అన్నాడు. “తిను, చల్లారిపోతోంది,” అంది వదిన.

పన్నెండు రోజులకి జవాబొచ్చింది. ఉత్తరం చదివి బాధపడ్డారట. ఆ ఖాళీలో వేరే టీచర్ని ఈపాటికే తీసుకున్నారట. మళ్ళీ ఖాళీ వస్తే రాస్తామన్నారు. వదిన అది నోటు పుస్తకంలో పెట్టి, ఏడు నియమాల మీదా ఒక్కో ఎర్రగీత గీసి, పుస్తకం అలమరలో పెట్టేసింది. నన్ను ఇంజనీరని పిలవడం మానేసింది. నాయనా అంటుంది, మామూలుగానే మాట్లాడుతుంది, టీ కూడా ఇస్తుంది. ఒక్కటే తేడా, ఇప్పుడు టీ పట్టుకుని మెట్లెక్కి రాదు, కిందకి రమ్మంటుంది.

మొన్న పొద్దున పదిన్నరకి వంటింట్లోకి వెళ్తే, అమ్మ గిన్నెలో నీళ్ళు పోసుకుని మైక్రోవేవ్ ముందు నిలబడి ఉంది. ఒక చేత్తో మోకాలు పట్టుకుంది. కళ్ళు గడియారం మీద.

“పెట్టుకోమ్మా. ఏం కాదు. పాఠాలు కూడా లేవుగా.”

“ఉండనీలేరా, పన్నెండు కానీ,” అంది అమ్మ. “నువ్వే కదా చెప్పావ్.”